గాలి పీల్చి పట్టు

చొక్కా తియ్యి. గడ్డం ఇక్కడ ఆనించు.
గాలి పీల్చి పట్టు.
ఒంగోలు పెద్దాసుపత్రి ఎక్స్‌రే గదిలో
రోజుకి తొంభైసార్లు అంటానీ మాట.
ఆ మనిషి పట్టలేకపోయాడు.
లోపల్నించి దగ్గు తన్నుకొచ్చి
మొదటి బొమ్మ చెదిరింది.

నూకతోటి యోనా. వయసు నలభై ఒకటి.
చీటీ రాసినోళ్లు పొరబడ్డారనుకున్నా.
ఊరు చీమకుర్తి దాటి, రామతీర్థం పక్కన.
ఏం పని?
"కంప్రెసరమ్మా. రాయికి బెజ్జాలేస్తా.
పందొమ్మిదేళ్లు."

రెండో బొమ్మా చెదిరింది.
కూర్చోమన్నా. బల్ల మీద కూర్చోలేదు,
గడప మీద కూర్చున్నాడు.
అరచేత్తో దాన్ని ఒకసారి తుడిచాడు.
"ఇది పాత గుంట రాయమ్మా. చుక్క పెద్దది.
ఇప్పుడీ చుక్క దొరకట్లా."
ఆరేళ్లుగా తొక్కి వస్తున్నాను ఆ గడప.
నల్లరాయి అనే తెలుసు.
వంగి చూస్తే అప్పుడు కనబడింది,
లోపలెక్కడో బంగారు నలుసు.

ఆయాసం తగ్గేదాకా తనే చెప్పాడు.
ఒకసారి కాలేజీ పిల్లల్ని వెంటేసుకుని
ఒక సారు క్వారీలోకి దిగాడంట.
ఇదంతా ఒకప్పుడు భూమి కడుపులో
కుతకుతలాడిన నిప్పు ముద్ద అన్నాడంట.
పైకి తన్నుంటే అగ్నిపర్వతమయ్యేది,
దారి లేక లోపల్నే నిదానంగా ఆరింది,
అందుకే ఈ మెరుపు.
ఎన్నేళ్ల కిందట సారూ అంటే లెక్క చెప్పాడు.
"ఆ సున్నాలు నాకు గుర్తులేవమ్మా."

"అగ్నిపర్వతాల కాడ పనిచేసేవాళ్లు
ముక్కుకి తొడుగు లేకుండా పోరంట.
ఆ బూడిద గాజుపెంకంట, ఊపిరిని గీస్తదంట.
సారే చెప్పాడు.
చెప్పి, మా మిషన్ మొదలయ్యేసరికి
జేబురుమాలు ముక్కుకి పెట్టుకుని
గబగబా గట్టెక్కేశాడు."

నవ్వాడు. నవ్వు సగంలో దగ్గయింది.

నీళ్లు పోసి బెజ్జం వేస్తే పొడి లేవదు కదా, అన్నాను.
"ట్యాంకరు వస్తదమ్మా. కొనేవాళ్లొచ్చిన రోజు.
రాయి మీద కొడతారు, చుక్క బాగా కనపడాలని."

సాయంత్రం దిగగానే బెల్లమ్ముక్క తింటే
దుమ్ము జారిపోద్దని ముఠా మేస్త్రీ చెప్పాడు.
పందొమ్మిదేళ్ల బెల్లం.
"ఇప్పుడు షుగరు కూడా ఉందన్నారు" అని
తప్పు తనదే అయినట్టు తల వంచాడు.

ఆర్నెల్లు టీబీ బిళ్లలు మింగాడు.
మూడుసార్లు తెమడ చూశారు, పురుగు లేదు.
మేస్త్రీని అడిగి పనిచేసినట్టు కాయితం తెమ్మన్నారు.
మేస్త్రీ పోయినేడు పోయాడు. ఇదే దగ్గు.
ముఠా పుస్తకం వాళ్లావిడ
పొయ్యి కింద పెట్టిందో ఏమో తెలియదు.

మూడోసారి నిలబెట్టాను.
బొమ్మ వచ్చింది.

ఎన్నో చూశాను. నీరు పట్టినవి, కన్నం పడ్డవి,
పసిబిడ్డ మింగిన రూపాయి బిళ్ల.
ఇది చూడగానే తల గడప వైపు తిరిగింది.
అదే నలుపు. అందులో
చల్లినట్టు, సన్నగా, పైనుంచి కిందిదాకా
తెల్లని చుక్కలు.

ఆయన స్క్రీన్ దగ్గరికొచ్చి
చాలాసేపు చూశాడు, రాయిని చూసే కళ్లతో,
చీలిక యాడుందో, బెజ్జం యాడ వెయ్యాలో
చూసినట్టే.
"చుక్క చిన్నదే" అన్నాడు.

నేను చెప్పటానికి లేదు. బొమ్మ తీసేదాన్ని.
డాక్టరు చీటీ వెనక ఒక మాట రాసి, కొట్టేసి,
పాత టీబీ అని రాశాడు.
కొట్టేసిన మాట వెలుగుకి పెడితే కనపడుతుంది.
పెట్టి చూశాను. చదివాను.
అప్పటికే కర్నూలు రోడ్డు బస్సుకి
టైమవుతుందని వెళ్లిపోయాడు.

తర్వాత, అని కేకేశాను.
ముసలామె ఒకావిడ లోపలికొచ్చి
"ఈ తువ్వాలెవరిదమ్మా" అంది.
కొక్కేనికి యోనాదే, మరిచిపోయాడు.
బూడిదరంగు. పుట్టినప్పుడు ఆకుపచ్చేమో.
తీసి, అలవాటుగా దులపబోయాను.

కిటికీలోంచి ఎండ పడుతోంది.
చెయ్యి ఆగింది.
ముసలామె చూస్తోంది.
ఎవరూ చెప్పకుండానే నేను
గాలి పీల్చి
పట్టాను.